జావా అమ్మకానికి... వయా కుమారదేవం!

రాజమండ్రి కోటిపల్లి బస్టాండు దగ్గర టీకి ఆగానంటే చాలు, గ్లాసు ఖాళీ అయ్యేలోగా కనీసం ఇద్దరు నా బండి చుట్టూ ప్రదక్షిణం చేస్తారు. "ఏ సంవత్సరం మోడలండీ ఇది? మా తాతగారికుండేది" అని ఒకాయన. "పాత బండిని భలే చూసుకుంటున్నారండీ, ఆయ్!" అని ఇంకొకాయన. మొదట్లో నిజం చెప్పేవాణ్ణి... పాతది కాదండీ, 2019 లో షోరూములో కొన్నానండీ అని. ఆ మాట వినగానే వాళ్ళ మొహాలు, క్లైమాక్సులో కరెంటు పోయిన ప్రేక్షకుల మొహాల్లా అయిపోయేవి. అంచేత తర్వాత్తర్వాత చెప్పడం మానేసి, చిన్నగా నవ్వి ఊరుకోవడం అలవాటు చేసుకున్నాను. నేను అబద్ధమాడలేదు కదా! ఆడుతున్నది బండి.

మెరూన్ రంగు జావా. పెట్రోలు టాంకుకి అటూ ఇటూ అద్దంలా మెరిసే క్రోము, దాని అంచున సన్నటి బంగారు గీతలు, గుండ్రటి హెడ్‌లైటు, వెనక బారుగా సాగిన రెండు సైలెన్సర్లు. పాతకాలపు సినిమాలో కాలేజీ హీరో గేటు ముందు స్టాండేసి దిగేందుకు ఎలాంటి బండి కావాలో అచ్చం అలాంటిది.

ఆ బండిని అమ్మేద్దామని నిశ్చయించుకుని, మొన్న కార్తీకమాసంలో ఓ ఆదివారం పొద్దున్నే గోదావరి దాటాను. కొనేవాడు తాళ్ళపూడిలో ఉన్నాడు. దారిలో కుమారదేవం. కుమారదేవం అనగానే పాఠకులకి గుర్తొచ్చే ఉంటుంది... సినిమా చెట్టు! పడిపోయిన తర్వాత అదెలా ఉందో చూసి రాయమని ఎడిటరుగారు ఎప్పట్నించో పోరుతున్నారు. ఒక లీటరు పెట్రోలుతో రెండు పనులన్నమాట.

పాత వేషం, కొత్త ప్రాణం

పాతకాలపు వేషం కట్టిన కొత్త బళ్ళకి ఇప్పుడు మన కుర్రకారులో యమ గిరాకీ. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు 1948 నాటి తమ జె2 మోడలు రూపురేఖల్ని తలపించేలా 2009 లో క్లాసిక్ 350 తెచ్చారు. దాన్ని జనం ఎగబడి కొన్నారు. 2018 నవంబరులో జావా మళ్ళీ వచ్చింది. 2020 లో హోండా వాళ్ళు హైనెస్ అని ఒకటి దింపారు. 2022 లో యెజ్డీ కూడా లేచి కూర్చుంది. అసలు యెజ్డీ, జావా ఒక తల్లి బిడ్డలే. చెకోస్లవేకియాలో 1929 లో పుట్టిన జావాని, మన మైసూరులో ఐడియల్ జావా అనే కంపెనీ 1961 నుంచి తయారుచేసింది. 1973 నుంచి యెజ్డీ అని పేరు మార్చి అమ్మింది. 1996 లో ఫ్యాక్టరీ మూతపడింది.

సినిమాకీ మోటారు సైకిలుకీ ఉన్న చుట్టరికం మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1973 లో 'బాబీ' వచ్చాక, అందులో హీరో నడిపిన బుల్లి రాజ్‌దూత్‌కి కంపెనీ పెట్టిన పేరేమిటో జనం మర్చిపోయి 'బాబీ బండి' అనే పిలిచారు. 1975 లో 'షోలే' సైడుకారు బండి సంగతి సరే సరి. 2017 లో 'అర్జున్ రెడ్డి' చూసి గడ్డం పెంచినవాళ్ళెందరో, బుల్లెట్టు కొనిపెట్టమని ఇంట్లో పేచీ పెట్టినవాళ్ళూ అందరు! (గడ్డం చవకలో అయిపోయే పని లెండి.)

నా జావా ఇంజను దగ్గర ఒక్క నిమిషం కూర్చుని చూడండి, ఓ తమాషా కనిపిస్తుంది. గాలికి చల్లబడే పాత ఇంజన్లకి వేడి పోవడానికి చుట్టూ వరసగా రెక్కలుండేవి. ఇది 293 సి.సి. ఇంజను, గాలితో కాదు, లోపల పారే కూలెంటుతో చల్లబడుతుంది. రేడియేటరుని ముందు గొట్టాల మధ్య వీలైనంత కనపడకుండా ఇరికించారు. అయినా ఇంజను చుట్టూ రెక్కలున్నాయి! ఎందుకయ్యా అంటే... ముఖ్యంగా చూడ్డానికి. స్టూడియోలో పల్లెటూరి సెట్టింగు వేసినప్పుడు నుయ్యి కడతారు చూడండి, గిలక ఉంటుంది, చేద ఉంటుంది, నీళ్ళుండవు. నా బండిలో తిరకాసేమిటంటే నీళ్ళున్నాయి, ఉన్నట్టు కనపడకూడదు.

ఈ మాట మొట్టమొదట కనిపెట్టింది నేను కాదు. మా నాన్న.

డబ్బాలు మోసిన యెజ్డీ

మా నాన్న సినిమాల్లో పనిచేశాడు. అలాగని తెర మీద వెతక్కండి. ఆయన డబ్బాలు మోసేవాడు. ఈ తరం పాఠకులకి కాస్త విప్పి చెప్పాలి. అప్పట్లో సినిమా అంటే ఫిల్ము. వెయ్యి అడుగుల రీలు తెర మీద సుమారు పదకొండు నిమిషాలు ఆడేది. సినిమా అంతా కలిపి పద్నాలుగో పదహారో రీళ్ళు. ప్రింటు ఖరీదు ఎక్కువ కాబట్టి, చిన్న ఊళ్ళలో ఒక్క ప్రింటుతో రెండు హాళ్ళు నడిపించేవారు. కొవ్వూరులో ఆట మొదలెట్టి, రెండేసి రీళ్ళు అయిపోగానే డబ్బాలో పెట్టి, గట్టు వెంట పైఊరి హాలుకి పరుగు! అక్కడ ఆట ఓ గంటన్నర ఆలస్యంగా మొదలవుతుంది. మళ్ళీ ఖాళీ చేతులతో వెనక్కి, మళ్ళీ రెండు రీళ్ళు. రోజుకి రెండాటలు. వాన రానీ, వరద రానీ, లారీ అడ్డం తిరగనీ... ఇంటర్వెల్ తర్వాత మొదటి రీలు అందలేదంటే అక్కడ ఈలలు, కేకలు, తర్వాత కుర్చీలు!

అందుకోసం నాన్న 1981 లో ఓ సెకండ్‌హాండ్ యెజ్డీ కొన్నాడు. టూ స్ట్రోకు బండి. పెట్రోల్లో ఆయిలు కలిపి పొయ్యాలి. కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ రెండూ ఒకటే దానికి. కొట్టి స్టార్టు చేసి, అదే రాడ్డుని ముందుకు మడిస్తే గేరైపోతుంది. వెనక సీటు మీద డబ్బాలు, వాటిని బిగించడానికి సైకిలు ట్యూబు ముక్క. చిన్నప్పుడు మా ఇంట్లో నీలం పొగ వాసన వచ్చిందంటే నాన్న వచ్చినట్టు.

2006 లో నా డిగ్రీ ఫీజు కట్టాల్సొచ్చినప్పుడు నాన్న ఆ యెజ్డీని అమ్మేశాడు. పాత ఇనుము బేరం. ఆ తర్వాత కొన్నేళ్ళకి సినిమాలు శాటిలైటు ద్వారా నేరుగా హాల్లోకి దిగడం మొదలైంది. డబ్బా లేదు, మోసేవాడూ లేడు. నేనేమో సినిమాల మీద రాసుకుని బతికేవాణ్ణయ్యాను. 2019 లో చేతిలో నాలుగు డబ్బులాడినప్పుడు, యెజ్డీ ఎలాగూ దొరకదు, దాని అక్కనైనా తెస్తానని ఈ జావా తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాను.

నాన్న చుట్టూ తిరిగి చూశాడు. టాంకు మీద చెయ్యేసి నిమిరాడు. ఎక్కి కూర్చుని, ఎడమకాలితో గాల్లో వెతికాడు... కిక్కు రాడ్డు కోసం! ఉంటేగా? సెల్ఫు నొక్కి చూపించాను. బండి బుడబుడమంది. కాసేపు విని, వంగి సైలెన్సరు దగ్గర వాసన చూసి, "పొగేదిరా?" అన్నాడు. తర్వాత రెక్కల మీద వేలు పెట్టి, నేను కూలెంటు సంగతి చెబితే విని, నవ్వేశాడు. "సెట్టింగు బాగా వేశారురా!"

నాకు కష్టం కలగలేదంటే అబద్ధం.

అయినా ఆ రోజు నా వెనక కూర్చుని కొవ్వూరు దాకా వచ్చాడు. అదే మొదలు, అదే చివర. ఆ తర్వాత నడుం నొప్పి, మోకాళ్ళు, చివరికి నిరుడు బాత్రూములో జారి తుంటి ఎముక విరగడం. ఆపరేషన్ చేసి బంతి మార్చారు. కర్రపట్టుకు నడుస్తున్నాడు గానీ, మోటారు సైకిలు మాట ఎత్తొద్దన్నారు డాక్టరుగారు. ఆస్పత్రికి వెళ్ళాలంటే ఆటో. ఆటోలో కుదుపులకి ఇంటికొచ్చేసరికి మొహం వాడిపోతుంది. తెలిసినాయన దగ్గర ఓ పాత ఆల్టో కారుంది, లక్షా నలభై వేలంటున్నాడు. నా దగ్గర నలభై ఉన్నాయి. మిగిలిన లక్ష ఎక్కణ్ణించి వస్తుంది? గుమ్మం ముందు మెరూన్ రంగులో మెరుస్తూ నిలబడుంది.

లెక్క ఇంత తేలిగ్గా ఉంటే మరి నెల రోజులు ఎందుకు నలిగావయ్యా అంటారా? స్నేహితులు ఒకరు అమ్మొద్దన్నారు, ఒకరు అమ్మమన్నారు, ఒకరు నాకే ఇవ్వు వాయిదాల్లో ఇస్తానన్నారు. నాకు నేను చెప్పుకున్న సమాధానం ఒకటే: ఇదేమీ నాన్న బండి కాదు, దాని డూపు. డూపుని పంపించెయ్యడానికి బాధేమిటి?

గట్టు మీద

రైలు కమ్ రోడ్డు వంతెన మీద పొద్దున్నపూట బండి నడపడం కంటే సుఖం లేదు. కింద రైలు, పైన రోడ్డు. 1974 లో తెరిచారు. రోడ్డు పొడుగు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. కొవ్వూరు వైపు వెళ్ళేటప్పుడు ఎడం పక్కన ఆర్చీల వంతెన, దాని పక్కనే 1997 లో రిటైరైన హేవలాక్ వంతెన కనిపిస్తాయి. కింద రైలొచ్చిందంటే హాండిల్ బారు లోంచి అరచేతుల్లోకి వణుకు పాకుతుంది. కార్తీక స్నానాల జనం రేవుల్లో చీమల్లా ఉన్నారు.

వంతెన దిగితే కొవ్వూరు. ఇక్కడో తమాషా. చిన్నప్పట్నించీ గోదావరి దాటితే పశ్చిమగోదావరి జిల్లా అని చదువుకున్నాం కదా! 2022 లో జిల్లాల్ని విడగొట్టాక కొవ్వూరు, తాళ్ళపూడి కూడా తూర్పుగోదావరిలోకే వచ్చేశాయి. నదికి పడమటి గట్టున నిలబడి తూర్పుగోదావరిలో ఉన్నామనుకోవాలి. బండి అమ్మేవాడికి మాత్రం ఇది మేలే, కాగితాల పని ఒక్క జిల్లాలో తేలిపోతుంది.

కొవ్వూరు దాటి కుడివైపు ఏటిగట్టు పట్టుకుంటే, ఒకవైపు గోదావరి, రెండోవైపు అరటితోటలు, కొబ్బరిచెట్లు, మధ్యమధ్య పెంకుటిళ్ళు. ఈ దారినే మా నాన్న ఇరవై ఏళ్ళకి పైగా డబ్బాలు మోశాడు. నేను నలభై మీద పోతుంటేనే ఒళ్ళంతా కళ్ళు చేసుకోవాల్సొచ్చింది. ఆయన రాత్రి రెండో ఆటకి, యెజ్డీ గుడ్డి దీపం వెలుగులో, వెనక నాలుగొందల మంది ఎదురుచూస్తున్న రీళ్ళు పెట్టుకుని ఎంత మీద పోయేవాడో!

కుమారదేవం వచ్చింది. బండాపాను.

ఆ నిద్రగన్నేరు చెట్టుకి నూటయాభై ఏళ్ళుంటాయని అంటారు. మూడొందలకి పైగా సినిమాలు దాని కింద తీశారని చెప్పుకుంటారు. 'పాడిపంటలు', 'దేవత', 'సీతారామయ్యగారి మనవరాలు'... జాబితా రాస్తే ఈ పేజీ చాలదు. డైరెక్టర్ వంశీగారికి ఈ చెట్టంటే ఎంత మక్కువో ఆయన సినిమాలు చూసినవాళ్ళకి తెలుసు. గొడుగులా పరుచుకుని, గోదావరిని ఫ్రేములో పట్టినట్టు నిలబడేది. కెమెరా ఎటు పెట్టినా తప్పు పోదు! సాయంత్రమయ్యేసరికి దాని ఆకులు ముడుచుకుంటాయి, అందుకే నిద్రగన్నేరన్నారు.

2024 ఆగస్టులో, గోదావరి పోటు మీద ఉన్న రోజుల్లో, అది నిలువునా ఒరిగిపోయింది. పోయినవాళ్ళని చూడ్డానికి వచ్చినట్టు జనం వచ్చారు. తర్వాత మొదలుని బతికించడానికి మందులు పూసి ప్రయత్నాలు చేశారు. చిగుళ్ళు వచ్చాయని పేపర్లలో చదివి సంతోషించాం.

అది చూస్తే మనసు ఒక రకంగా ఉండదు. చెట్టుండాల్సిన చోట ఆకాశం! అంత ఆకాశం అక్కడ ఉందని ఇదివరకు ఎవరికీ తెలీదు. పంచెకట్టు పెద్దాయన ఒకాయన వచ్చి పక్కన నిలబడి, నా బండి వంక చూసి, "షూటింగా బాబూ?" అన్నాడు. కాదండీ, చెట్టు చూద్దామని వచ్చానన్నాను. "చెట్టుంటేనండీ చూట్టానికి!" అని, కాసేపాగి, "బండి బావుందండి. పాతదాండీ?" అన్నాడు. ఆ పెద్దాయనకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. కొత్తదేనండీ, పాతదానిలా చేశారన్నాను. "పోన్లెండి. ఉందిగా" అనేసి వెళ్ళిపోయాడు.

నాన్న చెప్పిన కథ ఒకటి గుర్తొచ్చింది. ఓసారి మొదటి ఆట రీళ్ళతో వెళుతుంటే ఈ చెట్టు కింద షూటింగు జరుగుతోందట. వేళ మించుతోంది. లైట్లు ఆర్పేలోపు ఓ షాటు చూద్దామని ఆగాడు. ఒకటి రెండయింది, రెండు నాలుగయింది. "డబ్బాలో ఉన్న సినిమా కోసం అక్కడ జనం ఈలలేస్తుంటే, నేనిక్కడ ఇంకా డబ్బాలోకి ఎక్కని సినిమా చూస్తూ నిలబడ్డానురా!" ఆ నెల జీతంలో కోత పడింది. ఆ సినిమా పేరేమిటి నాన్నా అంటే మాత్రం ఈనాటికీ చెప్పడు. గుర్తులేదంటాడు. నేన్నమ్మను.

తాళ్ళపూడి బేరం

కొనేవాడు పాతికేళ్ళ ఫోటోగ్రాఫరు. పెళ్ళి ఫోటోలు, ముఖ్యంగా పెళ్ళికి ముందు తీసే షూటింగులు. గోదావరి జిల్లాల్లో ఇప్పుడు అదో పరిశ్రమ; వధూవరులే హీరో హీరోయిన్లు, గట్టే అవుట్‌డోరు. కుర్రాడి పెరట్లో ఓ రేకుల షెడ్డు. లోపల సామాను చూసి నోరు తెరిచాను. ఇత్తడి గొట్టం గ్రామఫోను (పాడదు), నంబర్లు తిప్పే టెలిఫోను (మోగదు), రంగులేసిన బండిచక్రం, ఎర్రటి పోస్టుడబ్బా, లాంతర్లు అరడజను. వాటి మధ్య ఓ చోటు ఖాళీగా ఉంచి, ఊడ్చి, నీళ్ళు చల్లి పెట్టాడు. నా బండికి!

"సూపరుందండీ" అని ఫోను తీసి ఫోటోలు తియ్యడం మొదలెట్టాడు. ఎదట్నించి, పక్కనించి, పడుకుని. ఇంజను విన్నాడా? లేదు. ఓ చుట్టు తిప్పి చూడమని తాళమిస్తే, "నాకు గేర్ల బండి రాదండీ, స్కూటరే" అని సిగ్గుపడ్డాడు. మంచి కుర్రాడు. తప్పు పట్టడానికేమీ లేదు.

టాంకు మీద కుడివైపు ఓ గీత ఉంది, జానెడు పొడుగు. దాని దగ్గర ఆగి, "ఇది కనపడకుండా స్టిక్కరేసేస్తానండీ" అన్నాడు.

ఆ గీత మారేడుమిల్లి దగ్గర పడింది. 'పుష్ప' తీసిన అడవి. అక్కడ వేరే షూటింగు చూసి రాద్దామని వెళ్ళినప్పుడు, లైటు స్టాండొకటి ఒరిగి నా బండి మీద పడింది. ఆ రాత్రి గోకవరం దాకా వానలో తడుస్తూ వచ్చాను. మీటరు మీద 31 వేల చిల్లర కిలోమీటర్లున్నాయి. 2020 లో అన్నీ మూసేసిన రోజుల్లో మందులకోసం తిరిగినవి అందులో ఉన్నాయి; నిడదవోలు స్టేషనులో ఒకరిని రైలెక్కించి, వెనకసీటు ఖాళీగా ఒంటరిగా వచ్చిన రాత్రీ ఉంది. (ఆ కథ ఇక్కడ అనవసరం.) రెక్కలు వేషం కావచ్చు. గీతని మాత్రం ఏ డిజైనరూ గియ్యలేదు. నాన్న యెజ్డీకి డూపు, డూపు అని నెలరోజులు జపం చేసినవాణ్ణి, తాళ్ళపూడి పెరట్లో నిలబడి, ఇది నా బండి కదా అని అప్పుడనుకున్నాను. ఎంత ఆలస్యంగా వెలుగుతుందండీ మన బుర్ర!

"ఓ ఫోన్ చేసుకొస్తా" అని గట్టు మీదకొచ్చాను. నిజం చెప్పాలంటే, ఇవ్వను అని చెప్పి వెళ్ళిపోదామనే వచ్చాను. నాన్నకి ఫోన్ చేశాను.

"ఎంతంటున్నాడు?"

"తొంభై రెండు."

"బాగానే ఉంది. తీసుకో."

"ఫోటోలకట నాన్నా. నడపడట. షెడ్డులో నిలబెడతాడు."

అటువైపు కాసేపు మాట లేదు. దగ్గు వినిపించింది.

"నిలబెడితే బాటరీ దిగిపోద్దని చెప్పు. వారానికోసారి స్టార్టు చేసి పది నిమిషాలుంచమను. వాళ్ళకి తెలీదు పాపం."

లోపలికెళ్ళి ఆ మాటే చెప్పాను. కుర్రాడు శ్రద్ధగా ఫోన్లో రాసుకున్నాడు. ఓ షరతు నేను కలిపాను: స్టిక్కరు వెయ్యకూడదు. "అదేంటండీ!" అని నవ్వి, తొంభై రెండు తొంభై చేశాడు. ఒప్పుకున్నాను. రెండు వేలు పెట్టి గీతని కొనుక్కున్నానన్నమాట! 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పెట్టి, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. కుమారదేవం వచ్చినప్పుడు కిటికీలోంచి చూద్దామనుకున్నాను. నేను కూర్చున్నది అవతలి వైపు.

తక్కువ పడ్డ పదివేలూ అక్క సర్దింది. ఆల్టో వచ్చింది. పాతదే, పాతదానిలాగే ఉంటుంది; దాన్నెవరూ ఆగి చూడరు. మొన్న ఆస్పత్రి నుంచి వస్తూ నాన్న ఇంటివైపు కాకుండా వంతెన వైపు పోనీమన్నాడు. వంతెన ఎక్కగానే, "ఏసీ ఉందా?" అన్నాడు.

"ఉంది. పని చెయ్యదు."

"మరింకేం, అద్దం దించు."